కెంటుసీమ పూటకూళ్ళ ఇండ్లు

ఇంగ్లండు దేశపు ఆగ్నేయ కోణమున, ఉత్తరమున థేమ్సు నదీముఖమును, తూర్పున ఆ ద్వీపమును ఫ్రాన్సునుండి వేఱుచేయు సన్నని జలసంధిని హద్దులుగాఁ గొని, చెఱ్ఱీ తోటలతోను, ఆపిలు తోటలతోను, హాప్స్ తీగల పందిళ్ళతోను, గొఱ్ఱెలు మేయు పల్లపు బీళ్ళతోను విలసిల్లు కెంటుసీమకు ఇంగ్లండు ఉద్యానవనమని శతాబ్దములుగా పేరు కలదు. ఇట్టి సీమలో బాటసారి ఏ యూర దిగినను ఆ యూరి పంటయే, ఆ తీరపు చేపయే అతని పళ్ళెమునకు వచ్చుచుండెనని ఎవరైనను ఊహింతురు. చరిత్ర చెప్పునది వేఱు. ఆ నేల పండించిన శ్రేష్ఠ పదార్థము పడవలమీఁదను బండ్లమీఁదను లండను నగరమునకుఁ దరలిపోవుచుండఁగా, అచ్చటి పూటకూళ్ళ ఇండ్లు దారిన పోవువారికి త్వరగా వండి పెట్టఁగలిగినదానిని వండి పెట్టుచు, దారి మాఱినప్పుడెల్లఁ దామును మాఱుచు, దారి విడిచినప్పుడు శిథిలమగుచు వచ్చినవి. ఆ సీమ తన తిండిని తన ముంగిటనే గౌరవముతో వడ్డింప నేర్చుట మిక్కిలి యిటీవలి సంగతి.

ఎగుమతి కథ రోమకుల నాఁడే మొదలైనది. లండను నుండి కాంటర్బరీ మీఁదుగా డోవరు రేవునకుఁ బోవు రాజమార్గము వారు వేసినదే. తరువాతి కాలమున దానికి వాట్లింగు స్ట్రీటని పేరు వచ్చెను. నేఁడు రిచ్‌బరో అనఁబడు రుటూపియే రేవు ప్రాంతపు ఆయిస్టరు చిప్పలు రోము నగరపు భోగుల పంక్తికిఁ బోవుచుండెను. జువెనాలు అను లాటిను కవి తన అధిక్షేప కావ్యమున, మొదటి కొఱుకులోనే ఆయిస్టరు ఏ తీరమున పుట్టినదో చెప్పఁగల ఒక తిండిపోతును వర్ణించుచు, ఈ కెంటు తీరమును గూడఁ బేర్కొనెను. పట్టినవాఁడు ఒకఁడు, తిన్నవాఁడు వేఱొకఁడు. ఈ వరుస ఆ తీరమున చిరకాలము సాగినది.

1170వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీని కాంటర్బరీ కాథెడ్రలులో, రెండవ హెన్రీ రాజు కొలువున నున్న నలువురు యోధులు ఆర్చిబిషప్పు థామస్ బెకెట్టును హత్య చేసిరి. మూఁడేండ్లు నిండకమునుపే, 1173లో, పోపు ఆయనను పునీతునిగా ప్రకటించెను. నాఁటినుండి మూఁడున్నర శతాబ్దముల కాలము ఆ సమాధి దర్శనమునకై దొరలు, దాసీలు, రోగులు, వర్తకులు, పాపభీతులు ఇంగ్లండు నలుమూలలనుండియు, సముద్రమున కావలినుండియు తండోపతండములుగా వచ్చిరి. ఇందఱికి తిండి యెవరు పెట్టవలెను? అతిథిని క్రీస్తుగా భావించి యాదరింపవలెనని విధించు బెనెడిక్టు మఠనియమము ననుసరించి మొదట ఆ భారము మఠములు వహించినవి. స్టవరు నదిపైఁ గట్టిన ఈస్టుబ్రిడ్జి ధర్మశాల కాంటర్బరీలో నేఁటికిని నిలిచియున్నది. బీద యాత్రికులకై పండ్రెండవ శతాబ్దమున వెలసిన యిల్లది. దారిలో ఆస్‌ప్రింజి గ్రామమునను, దారి కొసను డోవరునందును 'దేవుని యిల్లు' అను నర్థము గల ఫ్రెంచి పేరుతో, 'మేజో ద్యో' యని, పదుమూఁడవ శతాబ్దమున ధర్మశాలలు లేచెను. మన కాశీ మార్గమందలి అన్నసత్రముల నెఱిఁగిన పాఠకునకు వీని స్వరూపము వేఱుగా వివరింప నక్కఱలేదు.

అయినను యాత్రికులలో ధనవంతులు సత్రపు కూటితోఁ దృప్తి చెందువారు కారు. చేతిలో పైకము గలవానికి మెత్తని పాన్పు, వెచ్చని మాంసము, మంచి మద్యము కావలెను. ఈ సంగతి గ్రహించిన కాంటర్బరీ క్రైస్టుచర్చి మఠమువారు పదునాలుగవ శతాబ్దపు చివరి దశకమున కాథెడ్రలు వాకిటికి సమీపముననే 'చెకర్ ఆఫ్ ది హోప్' అను గొప్ప పూటకూళ్ళ యింటిని స్వయముగాఁ గట్టించి అద్దెకిచ్చిరి. అన్నము ఉచితముగాఁ బెట్టు చేయియే అన్నపు వ్యాపారమునకు భవనము కట్టుట ఆ కాలపు క్రైస్తవ మఠముల చరిత్రలో మిగుల ఆలోచింపఁదగిన ఘట్టమని నా తలంపు. ధర్మము లోపించినదని నేననను. యాత్ర ఒక పరిశ్రమ యైనదని మాత్రము చెప్పుదును. ఆ భవనములో అధికభాగము 1865లో అగ్నికి ఆహుతియైనది.

ఆ పూటకూళ్ళ యిల్లు లేచిన కాలముననే చాసరు మహాకవి తన కాంటర్బరీ కథలను రచించెను. ఆ కావ్యమునకు ప్రారంభము థేమ్సు దక్షిణపు టొడ్డున, సదర్కులోని టాబర్డు అను పూటకూళ్ళ యింట. యజమాని హారీ బెయిలీ యాత్రికులకు విందు చేసి, లెక్కలు తీర్చుకొని, పిమ్మట ఒక పందెము పెట్టెను: దారి పొడుగునను కథలు చెప్పవలెను; శ్రేష్ఠమైన కథ చెప్పినవానికి తిరిగివచ్చినప్పుడు తక్కినవారందఱును కలిసి ఆ యింటనే భోజనము పెట్టింపవలెను. ఆంగ్ల సాహిత్యపు ఈ మహాసౌధమునకుఁ బునాది ఒక పూట భోజనము! అట్లు పందెము కట్టుటలో తన యింటికి రెండవమాఱు గిరాకిని రప్పించుకొను నేర్పును ఆ యజమాని కనఁబఱచెను. అంతకంటెను అమూల్యమైన సాక్ష్యము ఆ యాత్రికులలో నొకఁడగు వంటవాని కథకు ముందున్నది. రెండుమాఱులు కాఁచి రెండుమాఱులు చల్లార్చిన 'జాక్ ఆఫ్ డోవరు' లనేకము అమ్మితివనియు, నీ యంగడినిండ ఈఁగలు ముసరుచున్నవనియు బెయిలీ ఆ వంటవానిని ఎత్తిపొడుచును. అది చల్లాఱిన పిమ్మట మరల కాఁచి యమ్మెడి మాంసపు 'పై' అను వంటకమని కొందఱు పండితులు చెప్పుదురు. డోవరు రేవు పేరు ఆ నాఁటి జనుల నోట పాచితిండికి ముద్రయై నిలిచిన దనినచో, దారిభోజనపు నాణ్యమును గూర్చి వేఱొక సాక్షి యేల?

1538లో ఎనిమిదవ హెన్రీ ఆజ్ఞచేత బెకెట్టు సమాధి నేలమట్టమయ్యెను, మఠములును మూఁతపడినవి. యాత్ర ఒక్క పెట్టున నిలిచిపోయెను. ఉచితాన్నము పెట్టు చేతులు పోయినవి. ఒక్కొక్కచోట గృహస్థుల దానము మాత్రము ఆ లోటును కొంత తీర్చినది. రాచెస్టరు పట్టణమునకు చెందిన రిచర్డు వాట్సు 1579లో వ్రాసిన మరణశాసనమున, రాత్రికి ఆఱుగురు చొప్పున బీద బాటసారులకు ఒక రాత్రి విడిదియు, ఆతిథ్యమును, తలకు నాలుగేసి పెన్నీలును ఇచ్చునట్లు ఏర్పాటు చేసెను. ఆ యిల్లు 1940 వఱకు ఆ ధర్మమును నడిపినది. బాల్యములో కొంతకాలము ఆ ప్రాంతమునఁ గడపిన నవలాకారుఁడు చార్లెసు డికెన్సు 1854లో ఆ యింటిని ఆధారముగాఁ గొని ఒక క్రిస్మసు కథ వ్రాసెను. అందలి కథకుఁడు ఆ ఆఱుగురు నిరుపేదలకు పండుగ ముందటి రాత్రి స్వయముగా విందు చేయును. విశాలమైన భోజనశాలలను గూర్చి ఎంతో వ్రాసిన డికెన్సు హృదయము ఈ చిన్న యింటి పంక్తియందే యెక్కువగా నిలిచినదని నాకుఁ దోఁచును.

మఠములు పోయిన ఆ దినములలోనే తోటలు వచ్చినవి. 1533లో హెన్రీ రాజునకు ఫలములు సమకూర్చు రిచర్డు హారిసు, టీన్‌హామ్ వద్ద నూఱెకరములకు మించిన భూమిలో విదేశములనుండి తెచ్చిన చెఱ్ఱీ, ఆపిలు అంట్లను నాటించెను. ఆ తోటనుండియే కెంటు పండ్లతోటలు వ్యాపించినవని విలియం లాంబార్డు 1576లో ముద్రితమైన తన కెంటుసీమ వర్ణన గ్రంథమున వ్రాసియున్నాఁడు. హాప్స్ తీగ ఫ్లాండర్సునుండి వచ్చినది. దాని పూవు బీరునకు చేఁదును, నిలువ గుణమును ఇచ్చును. ఆ తీగ పెంపకమును గూర్చి ఆంగ్లభాషలో మొదటి గ్రంథమును 1574లో రచించిన రెజినాల్డు స్కాటు కెంటువాఁడే. అయితే ఈ పండ్లకును హాప్స్‌కును గమ్యస్థానము లండను. థేమ్సు ముఖమున ఆటుపోటుల ననుసరించి నడచు పడవలు ఫేవర్షాము మొదలగు రేవులనుండి బుట్టలకు బుట్టలు నగరమునకుఁ జేరవేయుచుండెను. పండించినవాఁడు పుల్లని కాయయు, దెబ్బతగిలిన పండును ఇంట నుడికించుకొని తినెను.

పదునెనిమిదవ శతాబ్దమున బాటలు బాగుపడి, గుఱ్ఱములు పూన్చిన కోచిబండ్లు వేళ తప్పక నడువసాఁగినప్పుడు డోవరు మార్గమునకు రెండవ వైభవము కలిగినది. డార్టుఫర్డు, గ్రేవ్సెండు, రాచెస్టరు, సిటింగ్‌బరున్, కాంటర్బరీ: ఈ ఊళ్ళన్నియు గుఱ్ఱములు మార్చు మజిలీలు. మజిలీ కొక్కటి చొప్పున పెద్ద ముంగిలియు, చుట్టును శాలలును, మేడమీఁద గదులును గల విడిది యిండ్లు లేచెను. బండి దిగిన ప్రయాణికునకు భోజనమునకు దొరకునది స్వల్పకాలము. ఉడికించిన గొడ్డుమాంసమో, కాల్చిన గొఱ్ఱెతొడయో, పందితొడయో కోసి వడ్డించులోపుననే కొమ్ము ఊఁదుదురు. వేఁడి సూపు నోరు కాల్చుచుండఁగనే బండి కదలును. డికెన్సు 1836లో ప్రారంభించిన పిక్‌విక్ కథలో, రాచెస్టరునందలి బుల్ హోటలున పిక్‌విక్ మహాశయుని మిత్రులు దిగి విందు కుడుచుదురు; ఆ హోటలు ఆ ప్రఖ్యాతిని చిరకాలము అనుభవించినది.

బాటసారుల మాట యటుండఁగా, స్థానికులు ఈ యిండ్లలో భోజనము చేయు దినమొకటి కలదు. సంతనాఁడు రైతులు, ధాన్యపు వర్తకులు, హాప్స్ బేరగాండ్రు ఒకే పొడవాటి బల్లకు చుట్టు కూర్చుండి, నియమితమైన వేళకు, నియమితమైన ధరకు, అందఱకును ఒకే వంటకము తినెడివారు. దీనికి 'ఆర్డినరీ' యని పేరు. తినుటతోపాటు ధరల నిర్ణయమును, అప్పుల పరిష్కారమును, పెండ్లి సంబంధముల ప్రసక్తియు అచ్చటనే జరుగుచుండెను. కెంటు భోజనశాలల చరిత్రలో దారికిఁ గాక ఊరికి సేవచేసిన పంక్తి ఇదియే.

రైలు వచ్చుటతో ఈ లోకము కొలఁది యేండ్లలో అస్తమించెను. లివర్పూలు, మాంచెస్టరు రైలుమార్గమునకు నాలుగు నెలలు ముందుగా, 1830 మే 3వ తేదీని, కాంటర్బరీనుండి విట్‌స్టబులు రేవునకు ఆఱు మైళ్ళ చిన్న రైలు నడచినది. జనులు దానిని 'ఎండ్రకాయ, నత్త రైలు' అని ముద్దుగాఁ బిలిచిరి. 1844లో డోవరు వఱకు రైలు పడినది. గుఱ్ఱపుశాలలు బోసిపోయినవి. ప్రయాణికుఁడు రొట్టెముక్క చేతఁ బట్టుకొని మజిలీలను దాఁటిపోవుచుండెను. ఒకచోట పోయిన గిరాకి వేఱొకచోటఁ దేలెను. నెపోలియను యుద్ధములు ముగిసిన 1815లోనే ఆవిరిపడవలు లండను వాసులను మార్గేటు సముద్రస్నానములకుఁ జేర్చుట మొదలు పెట్టఁగా, తరువాత రైలు ఆ ప్రవాహమును వేయింతలు చేసెను. గుమాస్తాలు, కూలీలు, కుట్టుపనివారు ఒక దినపు సెలవుకు వచ్చి, తీరమున బండ్లమీఁద నమ్మెడి వెల్కు, కాకిలు అను చిప్పల మాంసమును వినిగరు చల్లుకొని తినిరి. సాయంకాలము చిన్న రొయ్యలతోను, వెన్న రాచిన రొట్టెతోను టీ త్రాగిరి. ధనవంతుల హోటళ్ళలో ఫ్రెంచి పేర్లతో వడ్డించిన విందులకంటె ఈ రొయ్యల టీ ఆ తీరమునకు నిజమైన స్వభావసిద్ధమైన భోజనమని నేను నమ్ముదును.

విట్‌స్టబులు కథను కొంత విస్తరించి చెప్పవలెను. అచ్చటి జాలరులు తమ ఆయిస్టరు మడులను తామే కాపాడుకొనుటకు 1793లో పార్లమెంటు చట్టము ద్వారా ఒక సంఘముగా ఏర్పడిరి. పిల్ల ఆయిస్టరులను ఆ మడులయందు పెంచి, శరత్తునుండి వసంతము వఱకు త్రవ్వితీసి, గుడ్లు పెట్టు వేసవి నెలలలో వానిని ముట్టకుండుట ఆ సంఘపు నియమము. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి సగమున ఆయిస్టరు లండను పేదవాని తిండి. వీధిమూలల నిలుచుండి, చిప్పలు విప్పించుకొని తినెడి చౌక పదార్థము. విట్‌స్టబులు పడవలు ఆ వీధులకే సరఫరా చేసినవి. ఆ పట్టణముననే కూర్చుండి ఆయిస్టరు తినుటకు వీలర్సు అను చిన్న యంగడి 1856లో వెలసినది. దాని గులాబిరంగు ముఖద్వారము నేఁటికిని హై స్ట్రీటులోఁ గనఁబడును. తరువాత కష్టములు వరుసగా వచ్చినవి. మడులు తఱిగినవి, ధర పెరిగినది. 1902లో దక్షిణ ఇంగ్లండున జరిగిన రెండు విందులలో, మురుగునీరు సోఁకిన వేఱొక తీరపు ఆయిస్టరుల వలన టైఫాయిడు వ్యాపించి మరణములు సంభవింపఁగా, దేశమంతట ఆ తిండి యనిన భయము పుట్టెను. దోషము లేని మడులును ఆ శిక్ష ననుభవించినవి. పిమ్మట గడ్డకట్టిన శీతకాలములు, 1953 నాఁటి సముద్రపు పొంగు, 1962-63 నాఁటి మంచు ఆ వృత్తిని ఇంచుమించు అంతమొందించినవి. పేదవాని తిండి, దొరకనిదై, ధనికుని వేడుక యైనది.

భోజనశాలల చరిత్ర వ్రాయువారు మఱచెడి ఒక జనసమూహము కలదు. ప్రతి సెప్టెంబరులోను లండను తూర్పుపేటల స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ప్రత్యేకపు రైళ్ళలో వచ్చి, తోటల అంచున రేకుగుడిసెలలోఁ గాపురముండి, వారముల తరబడి హాప్స్ పూవులు కోసెడివారు. ఏఁడాది కొకమాఱు వారికి దొరకు స్వచ్ఛవాయువు అదియే. 1931లో రచయిత జార్జి ఆర్వెలు వారితోఁ గలిసి కూలిచేసి ఆ యనుభవమును వ్రాసెను. వారి భోజనము ఆరుబయట కట్టెలమంటపై వ్రేలాడు కుండలో ఉడికిన కూర. వారి బీరు ఊరి పబ్బు వెలుపల. పెక్కు పబ్బులలో ఈ కూలీలను లోనికి రానీయరైరి. రానిచ్చినచో గ్లాసునకు ముందుగా ధరావతు కట్టించుకొనిరి. ఏ పూవు లేనిదే బీరు లేదో, ఆ పూవు కోసిన చేతులకు ఆ పబ్బులో చోటు లేకుండుట నా మనస్సును కలఁచివేయును. యంత్రములు వచ్చి, 1960 దశకమునాఁటికి ఆ వలసయే యాగిపోయినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున కెంటు ఆకాశమే యుద్ధరంగము. 1942 జూనులో కాంటర్బరీ నడిబొడ్డు బాంబులకు తగులఁబడెను. ఆ సంవత్సరముననే ఏ హోటలునను భోజనమునకు అయిదు షిల్లింగులకు మించి వసూలు చేయరాదని నిబంధన వచ్చెను. రేషను 1954 జూలై వఱకు సాగినది. పదునాలుగేండ్లు రేషను చీటీలతో కొలిచి తినిన జాతికి రుచిని గూర్చి ఫిర్యాదు చేయు నలవాటు తప్పిపోయెను. ఆ యలవాటును మరల నేర్పుటకే రేమండు పోస్టుగేటు 1951లో 'గుడ్ ఫుడ్ గైడు' ప్రచురించెను. తినువారే పరీక్షకులై వ్రాసి పంపిన నివేదికలు దానికి ఆధారము. అటుపై రెండు మార్పులు జరిగినవి. జనులు సెలవులకు విమానములెక్కి స్పెయినుకుఁ బోవఁగా మార్గేటు వీథులు వెలవెలఁబోయినవి. 1967 నాఁటి రహదారి చట్టము త్రాగి బండి నడుపువానిని పరీక్షించుటకు పోలీసులకు అధికారమీయఁగా, త్రాగుడుమీఁదనే బ్రతికిన పల్లెపబ్బులు వంటవైపు చూడవలసి వచ్చెను. అనఁగా మరల దారియే మాఱినది. అయితే ఈ మాఱు దారిని నమ్ముకొని లాభములేదని కొందఱు గ్రహించిరి. పబ్బునకు ఊరే మిగిలినది, పొలమే మిగిలినది, సముద్రమే మిగిలినది.

ఈ మార్పునకు తలమానికమైన యిల్లు విట్‌స్టబులునకు పడమట, సీసాల్టరు అను పల్లెలో, సముద్రపుగట్టు వెనుక నున్న స్పోర్ట్స్‌మన్ అను పబ్బు. 1999లో స్టీఫెన్ హారిసు దానిని తీసికొనెను. వంట ఆయన గురువులవద్దఁ గాక తానై నేర్చినది. చుట్టుపట్లనున్న పల్లపు బీళ్ళ గొఱ్ఱెపిల్ల, ఎదుటి సముద్రపు చేప, తాను స్వయముగాఁ దీసిన వెన్న, ఎదుటి సముద్రజలమును కాఁచి తీసిన ఉప్పు: వీనితోనే ఆయన వడ్డించెను. 2008లో, భోజనశాలల శ్రేష్ఠతకు గుర్తుగా ఇచ్చు మిషెలిను తార లభించినది. ఆ నేలకొక పూర్వకథ కలదు. 1086 నాఁటి డూమ్స్‌డే భూసర్వేలో సీసాల్టరు కాంటర్బరీ మతపీఠపు వంటశాలకు చెందినదని వ్రాసియున్నది. ఆ ఊరి ఉప్పు, చేప, మాంసము ఆ కాలమున మతపీఠపు పాకశాలకు సమర్పితములు. నేఁడు ముందుగాఁ జెప్పి వచ్చిన యెవనికైనను అవి దొరకును. ధర పేదవానికి అందునది కాదను మాట నిజమే. అయినను తన మట్టి రుచిని వెలవెట్టి గౌరవించుకొనుట కెంటుసీమ ఇచ్చటినుండియే నేర్చినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఉచితముగాఁ బెట్టు అన్నమును ఆ సీమనుండి పూర్తిగాఁ బోలేదు. యుద్ధానంతరము కర్మాగారములలో పనికి వచ్చి గ్రేవ్సెండులో స్థిరపడిన పంజాబీ సిక్కులు 2010లో అచ్చట గురునానక్ దర్బారు అను మహామందిరమును తెఱచిరి. మతమేదని యడుగక, వచ్చినవారికెల్ల పంక్తిలో రొట్టె, పప్పు, కూర వడ్డింతురు. ఎనిమిదవ హెన్రీ నాఁడు మూసిన తలుపును తెఱచినవారు అయిదు నదుల దేశమునుండి వచ్చిన కూలీలగుట ఆ సీమ చరిత్రకు అలంకారము.

లండను నగరమున ఉద్యోగార్థమై యుండు తెలుఁగువారికి నా విన్నపమొకటి. 2009నుండి సెయింటు పాంక్రాసు స్టేషనునుండి వేగపు రైలు కాంటర్బరీకి ఇంచుమించు గంటలోఁ జేర్చుచున్నది. సెలవుదినమున ఏ పట్టణమునందైనను ఒకే రీతిగా దొరకు తిండికై ఆ సీమకుఁ బోవకుఁడు. ఋతువు చూచి పొండు: వేసవి నడుమ చెఱ్ఱీలకు, ఆగస్టు చివరినుండి 'కాబ్‌నట్' అను పచ్చి గింజలకు, శరత్తున ఆపిళ్ళకు; మాంసాహారులు సెప్టెంబరునుండి ఏప్రిలు వఱకు విట్‌స్టబులు ఆయిస్టరులకు. నడుమ నొత్తిన గుంటతో నుండు 'హఫ్కిను' రొట్టెను అడిగి తినుఁడు. కూర్చున్నచోట ఈ పదార్థము ఏ పొలమునుండి వచ్చినదని యడుగుఁడు. జవాబు చెప్పఁగల యింటనే భోజనము చేయుఁడు.